టోపీ గారి హెలికాప్టర్

అడ్మిరల్ గారి టోపీ సముద్రంలో పడింది మంగళవారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు. సమయం ఇంత కచ్చితంగా ఎలా తెలుసునంటే, ఆ తర్వాత వేసిన విచారణ సంఘానికి మొదటి మూడు సమావేశాలూ ఆ నిమిషం తేల్చడానికే సరిపోయాయి.

జరిగింది చిన్న విషయమే. తూర్పు తీరంలో ఒక పెద్ద నావికా స్థావరం ఉంది. దానికి నలభై మైళ్ళ అవతల ఒక చిన్న స్థావరం ఉంది. పెద్దదాంట్లో ఉండే పెద్ద అధికారులు చిన్నదాన్ని తనిఖీ చేయాలనుకున్నప్పుడల్లా వాళ్ళను హెలికాప్టర్లో మోసుకెళ్ళి దింపే ఉద్యోగం లెఫ్టినెంట్ కమాండర్ దాడి వరహాలుది. పదకొండేళ్ళుగా దింపుతున్నాడు. ఆ మంగళవారం కూడా, ఉట్టి మీది నుంచి పెరుగు కుండ దించినంత జాగ్రత్తగా దింపాడు. అడ్మిరల్ గారు తిరుగుతున్న రెక్కల కింద నుంచి హుందాగా రెండడుగులు వేశారు. మూడో అడుగు ఆయన వేశారు గాని ఆయన టోపీ వేయలేదు. అది గాలిలోకి లేచి, గట్టు దాటి, తెల్ల కొంగలాగా వెళ్ళి నీళ్ళ మీద వాలింది.

ఎదురుగా ఇరవై నలుగురు నావికులూ, వాళ్ళ ముందు చీఫ్ అప్పలకొండా, చేతులు నుదుటికి ఎత్తి సెల్యూట్‌లో నిలబడి ఉన్నారు. నౌకాదళంలో ఒక ఆచారం ఉంది. పైవాడు బదులు సెల్యూట్ చేసేదాకా కిందివాడు ఎత్తిన చెయ్యి దించకూడదు. ఇంకో ఆచారం కూడా ఉంది. తల మీద టోపీ లేనివాడు సెల్యూట్ చేయకూడదు. ఈ రెండూ ఎన్నో ఏళ్ళుగా ఒకే ఇంట్లో తోడికోడళ్ళలా, ఒకదానికొకటి ఎదురుపడకుండా కాపురం చేసుకుంటున్నాయి. ఆ రోజు ఎదురుపడ్డాయి.

అప్పలకొండ చెయ్యి దించకుండానే, "నా టోపీ ఎట్టుకోండి సార్," అన్నాడు.

అడ్మిరల్ గారి వెంట వచ్చిన కమొడోర్ శేషశయనం గారు ఉలిక్కిపడ్డారు. మర్యాదలూ ఆచారాలూ ఆయన శాఖే. చీఫ్ టోపీ పెట్టుకున్న మరుక్షణం అడ్మిరల్ గారు చీఫ్ అవుతారనీ, మళ్ళీ అడ్మిరల్ కావాలంటే రాజధాని నుంచి ఉత్తర్వులు రావాలనీ ఆయన అక్కడికక్కడే వివరించారు. దాంతో ఇంకో టోపీ కోసం జీపు పంపారు. జీపు తిరిగి వచ్చేసరికి యాభై మూడు నిమిషాలు పట్టింది. అంతసేపూ ఇరవై అయిదు చేతులు గాలిలోనే ఉన్నాయి. మర్నాటి నుంచి అప్పలకొండ అన్నం ముద్ద ఎత్తితే చెయ్యి నోటి దగ్గర ఆగక నుదుటికి పోతోందని వైద్యశాలలో రాసుకున్నారు.

వారం తిరక్కుండా 'టోపీ పరిరక్షణ సంఘం' ఏర్పడింది. అధ్యక్షులు శేషశయనం గారు. మొదటి సాక్షి వరహాలు.

"పై సంఘటనను కూలంకషముగా పరిశీలించిన మీదట, టోపీ ఎగురుటకు కారణము గాలి అని సంఘము అభిప్రాయపడుచున్నది. సదరు గాలి ఎవరిది?"

"హెలికాప్టర్‌ది సార్."

"హెలికాప్టర్ ఎవరి ఆధీనములో ఉన్నది?"

"నా ఆధీనంలోనే సార్."

"అయినచో ఇకమీదట గాలి లేకుండా దిగవలెను."

వరహాలు నెమ్మదిగా చెప్పాడు. "సార్, హెలికాప్టర్ గాలిని కిందికి తోసే పైన నిలబడుతుంది. గాలి లేకుండా దిగితే దాన్ని దిగడం అనరు సార్. పడడం అంటారు."

శేషశయనం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ విషయము ఇన్ని సంవత్సరములుగా పై అధికారుల దృష్టికి ఏల తేలేదు?"

రెక్కలు పూర్తిగా ఆగిన తర్వాతే దింపుతానని వరహాలు అన్నాడు. అలా చేస్తే అడ్మిరల్ గారు నాలుగు నిమిషాలు లోపల కూర్చోవలసి వస్తుందనీ, అడ్మిరల్ కోసం అందరూ ఎదురుచూడడమే గాని అడ్మిరల్ దేని కోసమూ ఎదురుచూసే సంప్రదాయం లేదనీ సంఘం దాన్ని తోసిపుచ్చింది. వరహాలు సర్వీసు రిపోర్టులో ఎర్ర సిరాతో ఒక వాక్యం చేరింది: "గాలి విషయమున నిర్లక్ష్యము." అడ్మిరల్ టోపీ తల మీద చెక్కుచెదరకుండా ఒక్కసారి దిగి చూపిస్తే ఆ వాక్యం కొట్టివేస్తారు. నెలాఖరులోగా చూపించాలి.

నెలాఖరు ఎందుకంటే, ఆ రోజునే రక్షణ దళానికి మనుషుల్ని ఎంపిక చేస్తున్నారు. తుఫానులకు సముద్రంలో చిక్కుకున్న బెస్తవాళ్ళను హెలికాప్టర్ నుంచి తాడు వేసి పైకి లాగే దళం అది. రిపోర్టులో ఎర్ర సిరా ఉన్నవాళ్ళ దరఖాస్తు తెరవరు. వరహాలు నాలుగేళ్ళుగా దాని కోసం కాచుకుని ఉన్నాడు. పదకొండేళ్ళలో అతను మోసిన పెద్దవాళ్ళలో ఒక్కరూ దిగాక వెనక్కి తిరిగి చూడలేదు. తాడుతో లాగినవాళ్ళు చూస్తారని విన్నాడు.

ఆ సాయంత్రం అతని భార్య నూకరత్నం వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కథంతా విన్నది. విని, లేచి చెయ్యి కడుక్కుని, మేకుకు తగిలించిన అతని టోపీ తీసుకొచ్చింది.

"ఏటండీ, ఈ నల్ల పట్టీ ఏటికి?"

టోపీ ముందు భాగంలో, అంచు మీదుగా, ఈ చివరొక బొత్తం, ఆ చివరొక బొత్తంతో పట్టీ ఒకటి బిగించి ఉంది.

"అది అలంకారం. అడ్మిరల్ గారికైతే బంగారు జరీది ఉంటుంది."

"అలంకారానికి రెండు పొరలెందుకు? లాగితే సాగుతోంది చూడండి." ఆమె పట్టీ లాగింది. అది పొడుగై కిందికి దిగింది. టోపీ తన తల మీద పెట్టుకుని పట్టీని గడ్డం కిందికి తెచ్చి, ఫ్యాన్ పెద్దది చేసి దాని కింద నిలబడింది. చిక్కుడు తొక్కలు ఎగిరాయి. టోపీ ఎగరలేదు.

వరహాలు ఆమె గడ్డం కింద పట్టీని లాగి చూశాడు. "శిక్షణలో ఎవరూ చెప్పలేదే," అన్నాడు చివరికి.

"టోపీ కుట్టినోడు చెప్పాడు కదా. మీరే వినలేదు."

వరహాలు రాత్రికి రాత్రే ఒక పేజీ వినతిపత్రం రాశాడు. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. "పట్టీ టోపీ యొక్క శోభలో భాగము. శోభను ఉపయోగించుట తగదు. పైపెచ్చు గడ్డము కింద పట్టీ గల అడ్మిరల్ గారు స్కూటరు నడుపువారిని తలపింపజేయుదురు. పైలట్ తన పని గాలి వరకు పరిమితము చేసుకొనవలెను."

ఇక ప్రయోగాలు మొదలయ్యాయి. అసలు తల మీద ప్రయోగం ప్రమాదం గనుక మట్టి కుండ మీద టోపీ పెట్టి చూద్దామన్నారు. కుండ అడ్మిరల్ గారి తలంత ఉండాలి. అడ్మిరల్ గారి తల చుట్టుకొలత రక్షణ రహస్యమట. కుమ్మరికి చెప్పకూడదు. "ఉదారముగా చేయుము" అని మాత్రం రాసి పంపారు. అతను ఉదారంగానే చేశాడు. ఆ కుండ మీద టోపీ కూర్చోలేదు, తేలింది. హెలికాప్టర్ ఇంకా మైలు దూరంలో ఉండగానే పడిపోయింది. రిపోర్టులో ఎర్ర సిరాకి ఇంకో వాక్యం తోడైంది: "దూరము నుండి సైతము."

ఏడో సమావేశంలో శేషశయనం గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. టోపీకి ప్రమాదం దిగేటప్పుడు కాదు, తల మీద ఉన్నప్పుడు. తల నుంచి వేరు చేస్తే సమస్యే లేదు. అడ్మిరల్ గారు కారులో వెళతారు. టోపీ హెలికాప్టర్లో వెళుతుంది.

"మరి సెల్యూట్ ఎవరికి చేయాలి సార్?" అని వరహాలు అడిగాడు.

"సెల్యూట్ ఎన్నడును వ్యక్తికి కాదు. టోపీ మీది చిహ్నమునకు. కావున చిహ్నము ఎక్కడ ఉన్నదో సెల్యూట్ అక్కడ."

అడ్మిరల్ గారు అభ్యంతర పెట్టలేదు. కారులో అయితే ఆయనకు నిద్ర పడుతుంది.

హెలికాప్టర్లో టోపీ పక్కన సమాన హోదా లేనివారు కూర్చోకూడదని మిగతా సీట్లన్నీ పీకేశారు. ఉన్న ఒక్క సీటు మీద నీలం ముఖమల్ పరిచి, ఇత్తడి పళ్ళెంలో టోపీని పెట్టి, బెల్టు కట్టారు. టోపీ వెంట సహాయకుడుగా అప్పలకొండను వేశారు. అతని చెయ్యి ఎలాగూ దిగడం లేదు గనుక వందనానికి సిద్ధంగా ఉంటాడని. తలుపు పక్కన మనుషుల్ని లాగే తాడు యంత్రం ఒకటి మాత్రం మిగిలింది. ఎప్పుడో బిగించారు, తీయడానికి అనుమతి ఇంకా రాలేదు.

కో-పైలట్ లెఫ్టినెంట్ షాహీన్ మొదటి రోజు లోపలికి తొంగి చూసి, "సార్, వీరికి మంచినీళ్ళు అడగాలా?" అంది.

"అడుగు. ఏం చెబుతారో రాసుకో," అన్నాడు వరహాలు.

మొదటి ప్రయాణం దివ్యంగా జరిగింది. టోపీ చెదరలేదు. అప్పలకొండ పళ్ళెంతో దిగాడు. ఇరవై నాలుగు చేతులు లేచాయి. టోపీ బదులు సెల్యూట్ చేయలేదు. అప్పుడు గాని ఎవరికీ తట్టలేదు. అడ్మిరల్ గారి కారు దారిలో రైల్వే గేటు దగ్గర ఆగిపోయి, రెండు గంటల ఇరవై నిమిషాలకు వచ్చింది. ఆయన దిగి, పళ్ళెంలోంచి టోపీ తీసి పెట్టుకుని, సెల్యూట్ చేశాకే చేతులు దిగాయి. ఇద్దరికి మాత్రం దిగలేదు.

సంఘం వెంటనే సవరణ చేసింది. సెల్యూట్‌ను 'అపరిష్కృత స్థితి'లో ఉంచి, నావికులు పావుగంటకొకరు చొప్పున వంతుల మీద చేతులు ఎత్తవచ్చును.

"సార్, టోపీ చెదరలేదు కదా. ఎర్ర వాక్యం..." అన్నాడు వరహాలు.

"పళ్ళెములో టోపీ ఎగరకుండుట పైలట్ ప్రతిభ కాదు, పళ్ళెము ప్రతిభ. మీరు తల మీద చూపవలెను."

"తల కారులో వస్తోంది సార్."

"అది మీ ఇబ్బంది."

అడ్మిరల్ గారి టోపీ అడ్మిరల్ గారి తల మీద తప్ప ఇంకో తల మీద ఉండకూడదు, ఆ తల హెలికాప్టర్ ఎక్కకూడదు, ఎక్కితే గాని ఎర్ర సిరా పోదు. వరహాలు ఇంటికి వచ్చి ఈ మూడూ చెబితే రత్నం చారులో పోపు వేస్తూ, "నాలుగోది కూడా ఉంటుంది, వాళ్ళింకా కనుక్కోలేదంతే," అంది. కాస్సేపటికి మళ్ళీ, "దరఖాస్తు వెనక్కి తీసుకోకండి," అంది. అతను అడగకుండానే.

నెలాఖరు రోజు వచ్చింది. పొద్దున్నే మబ్బు పట్టి ఉంది. అడ్మిరల్ గారు తెల్లవారుజామునే కారులో బయలుదేరి వెళ్ళిపోయారు. టోపీ ఏడున్నరకు గాలిలోకి లేచింది. పావుగంటలో రేడియోలో కబురు. తీరానికి అయిదు మైళ్ళలో తెప్ప బోల్తా పడింది. ఇద్దరు మనుషులు నీళ్ళలో దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. రక్షణ దళం హెలికాప్టర్ ఎక్కడుందని వరహాలు అడిగాడు. అది పరేడ్ మైదానంలో ఉంది. దాని గాలి ఎంతో కొలవడానికి సంఘం వారు ఎనిమిది మోకులతో నేలకు కట్టేశారు. విప్పడానికి అధ్యక్షుల సంతకం కావాలి. అధ్యక్షులు అడ్మిరల్ గారి కారులో ఉన్నారు.

వరహాలు షాహీన్ వంక చూశాడు.

"దారి మార్చాలంటే లోపలున్న అందరికన్నా పెద్ద అధికారి అనుమతి తీసుకోవాలి సార్," అంది ఆమె. "రూలు అది."

"అందరికన్నా పెద్ద ఎవరు?"

షాహీన్ వెనక్కి తిరిగింది. నీలం ముఖమల్ మీద, బెల్టు కట్టుకుని, టోపీ కూర్చుని ఉంది.

"అప్పలకొండా," అన్నాడు వరహాలు మైకులో, "వారిని అడుగు. ఇద్దరు మనుషులు నీళ్ళలో ఉన్నారు, వెళ్ళమంటారా అని."

అప్పలకొండ నిటారుగా నిలబడి అడిగాడు. అయిదు సెకండ్లు ఆగాడు. "ఏటీ అన్లేదు సార్."

"అభ్యంతరం లేదు అని రాసుకో," అన్నాడు వరహాలు షాహీన్‌తో. హెలికాప్టర్ సముద్రం వైపు తిరిగింది.

నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. తెప్ప కనబడే ముందు రెండు తలలు కనిపించాయి. వరహాలు హెలికాప్టర్‌ను గాలిలో నిలబెట్టాడు. ఆ నిలబెట్టడంలో దింపడానికి ఏ అధికారీ లేడనీ, తాడు కింద ఇద్దరున్నారనీ తప్ప వేరే ఆలోచన లేదు. తాడు దించాలి, లాగాలి. అప్పలకొండ నుదుటి దగ్గర నెల రోజులుగా బిగుసుకుపోయిన చెయ్యి యంత్రం పిడి మీదికి దిగింది. దిగినట్టు అతను గమనించనే లేదు.

మొదట వచ్చినవాడు స్పృహలో లేడు, కిందనున్న రెండోవాడే అతనికి తాడు కట్టి పంపాడు. అతన్ని నేల మీద పడుకోబెట్టారు. రెండోవాడు మైలపల్లి ఎల్లాజి, అతని బావ, యాభై ఏళ్ళ మనిషి. వణుకుతూనే బావమరిది తల ఒళ్ళోకి తీసుకుని, రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. తలుపు ఇంకా తెరిచే ఉంది. గాలి లోపలికి కొట్టింది. బెల్టు కింద నుంచి పళ్ళెం జారి, టోపీ దొర్లుకుంటూ తలుపు వైపు పోయింది.

"మావా, అదట్టుకో, అదట్టుకో," అన్నాడు అప్పలకొండ తాడు చుట్టుకుంటూ.

"బాబాయ్, దాన్ని పోనీకు. నా బతుకు దాన్లో ఉంది," అన్నాడు వరహాలు ముందు నుంచి.

ఎల్లాజి కాలితో దాన్ని ఆపాడు. ఒక చేత్తో తీశాడు. బావమరిదిని వదలడానికి లేదు, టోపీని వదలడానికి లేదు. ఉన్నవి రెండే చేతులు. టోపీ తల మీద పెట్టుకున్నాడు. పెట్టుకుని, బంగారు పట్టీని చూశాడు. నలభై ఏళ్ళుగా గాలిలో బతుకుతున్న మనిషి ఏం చేస్తాడో అదే చేశాడు. బొటనవేలితో పట్టీ లాగి గడ్డం కిందికి దించుకుని, మళ్ళీ రెండు చేతులూ బావమరిది తల కిందికి పోనిచ్చాడు.

దగ్గరున్న వైద్యుడు చిన్న స్థావరంలోనే. అక్కడ వందనానికి నావికులు బారులు తీరి ఉన్నారు. ఒక పక్కన కారు, కారు పక్కన టోపీ లేని తలతో అడ్మిరల్ గారు, ఆయన పక్కన శేషశయనం గారు. హెలికాప్టర్ దిగింది. రెక్కలు ఆపడానికి వరహాలుకు వ్యవధి లేదు. వైద్యుడి మనుషులు స్ట్రెచర్‌తో పరుగెత్తుకొచ్చి బావమరిదిని తీసుకుపోయారు. అప్పటికే అతను దగ్గుతూ నీళ్ళు కక్కుతున్నాడు. వెనకే ఎల్లాజి దిగాడు. తడిసిన లుంగీ, ఒంటి మీద చొక్కా లేదు, తల మీద అడ్మిరల్ టోపీ.

చిహ్నం ఎక్కడ ఉందో సెల్యూట్ అక్కడ. ఇరవై నాలుగు చేతులు ఒక్కసారిగా లేచాయి.

ఎల్లాజి ఆగాడు. ఇంతమంది తనకెందుకు దండం పెడుతున్నారో అతనికి తెలియలేదు. కాని పెట్టినప్పుడు మనమూ పెట్టకపోతే బావుండదు. చెయ్యి నుదుటికి ఎత్తి, "దండాలు బాబూ, దండాలు," అన్నాడు.

ఇరవై నాలుగు చేతులు దిగాయి. లేవడానికీ దిగడానికీ మధ్య నాలుగు సెకండ్లు. ఆ మైదానంలో అంత తక్కువ కాలంలో సెల్యూట్ ముగియడం ఆ నెలలో అదే మొదలు. వరసలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

శేషశయనం గారు నోరు తెరిచారు గాని ఏ నియమం కింద తెరవాలో తెలియక మూసుకున్నారు. అడ్మిరల్ గారు మాత్రం రెక్కల గాలిలోకి నడుచుకుంటూ వచ్చి ఎల్లాజి ఎదుట నిలబడ్డారు.

"ఎగరడం లేదే," అన్నారు.

"ఎలగెగురుద్ది బాబూ? పట్టీ ఉంది కదేటి," అన్నాడు ఎల్లాజి, గడ్డం కింద వేలు పెట్టి చూపిస్తూ. "గాల్లోకెల్లినప్పుడు తలగుడ్డకయినా ముడెయ్యాల. తమరికి తెల్దేటి?"

అడ్మిరల్ గారికి ముప్పై ఆరేళ్ళ సర్వీసు. ఆయన ఆ పట్టీని రెండు వేళ్ళతో ముట్టుకుని చూశారు. తర్వాత తన కోటు విప్పి ఎల్లాజి భుజాల మీద కప్పారు. దాని మీద కూడా చిహ్నాలున్నాయి గనుక వరసలో నావికులు మళ్ళీ చెయ్యి ఎత్తాలా వద్దా అని కంగారు పడ్డారు. అడ్మిరల్ గారు వద్దని తల ఊపారు.

సంఘం తుది నివేదిక పద్నాలుగు పేజీలు. "అడ్మిరల్ టోపీ తల మీద చెక్కుచెదరక దిగుట ప్రప్రథమముగా సిద్ధించినది. తల విషయమున నియమములు మౌనముగా ఉన్నవి. విజయమునకు దోహదము చేసిన పరిస్థితులు: ఒకటి, సముద్రము మీదుగా దారి మళ్ళించుట. రెండు, తలుపు తెరచి ఉంచుట. మూడు, తడిసిన బెస్తవాడు." పట్టీ సంగతి అనుబంధంలో, "యాదృచ్ఛికము" అనే శీర్షిక కింద ఒక్క వరుస ఉంది. ఎర్ర సిరా వాక్యాలు రెండూ కొట్టివేశారు. విజయం పునరావృతం కావాలంటే పరిస్థితులు యథాతథంగా కొనసాగాలి గనుక, ఇకమీదట టోపీ హెలికాప్టర్ రోజూ తెల్లవారగానే చేపల వేట సాగే నీళ్ళ మీదుగా తిరగాలనీ, తడిసిన బెస్తవాడు దొరికిన పక్షంలో విధిగా ఎక్కించుకోవాలనీ, అందుకు గాను దానిని పైలట్‌తో సహా రక్షణ దళంలో కలుపుతున్నామనీ ఉత్తర్వు.

వరహాలు ఆ కాగితం తెచ్చి రత్నం చేతికిచ్చాడు. ఆమె చదివి, మడతపెట్టి, పప్పుల డబ్బా కింద పెట్టింది.

"దళం వచ్చింది. మరి టోపీ?"

"అదీ నాతోనే. సీటు తీయడానికి అనుమతి లేదు."

"ఉండనీండి. పైన పెద్దతల ఒకటుంటే మంచిదే. అడిగితే కాదనదు," అంది రత్నం.

ఆ తర్వాత ఒక పత్రికలో అడ్మిరల్ గారు కొత్త టోపీతో వేరే హెలికాప్టర్ దిగుతున్న ఫోటో పడింది. రత్నం దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. గడ్డం కింద సన్నగా బంగారు గీత. సంఘం వారు దాన్ని నీడ అని నిర్ధారించారని వరహాలు చెప్పాడు.

ఇప్పుడు రోజూ తెల్లవారగానే ఆ హెలికాప్టర్ తెప్పల మీదుగా తక్కువ ఎత్తులో వెళుతుంది. నీలం ముఖమల్ మీద టోపీ, గట్టిగా బిగించిన పట్టీతో. కింద ఎల్లాజీ, అతని బావమరిదీ, తక్కినవాళ్ళూ వల ఆపి, తల ఎత్తి చూసి, చెయ్యి నుదుటికి ఎత్తుతారు. వరహాలు ఆలస్యం చేయకుండా బదులు సెల్యూట్ చేస్తాడు. టోపీ చేసేదాకా ఆగమంటే, అక్కడ వల లాగేదెవరు?